వాపసు అడిగితేనే దుకాణం గుణం తెలిసేది

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ మూడు ఊళ్ల నగరంలో ఎన్‌ఐటీ నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం దాకా చదువుకునే పిల్లల్లో చాలామందికి ల్యాప్‌టాప్ తప్పనిసరి అయింది. పగలు ప్రాజెక్టులు, రాత్రి గేములు. గేమ్ డీవీడీ కోసం సికింద్రాబాద్ దాకా వెళ్లాల్సిన రోజులు పోయాయి. ఫోన్‌లో యూపీఐ ఉంటే గది దాటకుండానే కొనొచ్చు. చిక్కల్లా ఎక్కడ కొనాలన్నదే. ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో ఒకే గేమ్ స్టీమ్‌లో ఒక ధర, ఎపిక్‌లో ఒక ధర, జీవోజీలో ఇంకో ధర పలుకుతుంది. కీలు అమ్మే సైట్లలో అదే గేమ్ ఇంకా తక్కువకు కనిపిస్తుంది. టెలిగ్రామ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఎవరో ఒకరు నూటయాభైకే ఇస్తామంటారు. జేబులో ఉన్నది తక్కువ కాబట్టి అగ్గువకు దొరికిన చోటే కొనాలనిపించడం సహజం. కానీ ఈ సరుకు విషయంలో ధర చూసి దుకాణాన్ని ఎంచుకోవడం తప్పుడు లెక్క అని నా వాదన. కంటికి కనపడని, చేతికి అందని సరుకును కొంటున్నప్పుడు మనం డబ్బు పెట్టేది అమ్మేవాడు ఇచ్చే మాట మీద. ఆ మాట ఎంత గట్టిదో అమ్మేటప్పుడు బయటపడదు, వాపసు అడిగినప్పుడే బయటపడుతుంది. అందుకే ముందు చూడాల్సింది రీఫండ్ నిబంధనను, ధర సంగతి ఆ తర్వాత.

ముందు కీల సంగతి చూద్దాం. కీ అంటే స్టీమ్‌లో నింపితే గేమ్‌ను మన ఖాతాలో వేసే కోడ్, సాధారణంగా ఐదేసి అక్షరాల మూడు గుంపులు. పుట్టుకతో ఇది దొంగ సరుకు కాదు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ డెవలపర్లు అడిగినప్పుడు కీలను ఉచితంగానే ఇస్తుంది. వాటిని వాళ్లు తమ సొంత సైట్‌లో అమ్ముకోవచ్చు, హంబుల్ బండిల్ లాంటి అధీకృత దుకాణాలకు ఇవ్వొచ్చు, సమీక్ష రాసేవారికి పంపొచ్చు. ఇబ్బంది అక్కడి నుంచి కీ చేతులు మారడం మొదలయ్యాకే. ఎవరైనా అమ్మకానికి పెట్టుకునే సైట్లలోకి వచ్చే కీ ఏ దారిన వచ్చిందో కొనేవాడికి తెలిసే వీలు లేదు. ఆఫర్‌లో కొని మిగిలిపోయింది కావచ్చు. ధర తక్కువ ఉన్న దేశంలో కొన్నది కావచ్చు, అప్పుడది మన దేశంలో పనిచేయకపోవచ్చు. సమీక్షకుడినని అబద్ధమాడి రాబట్టింది కావచ్చు. అన్నిటికన్నా చెడ్డది, దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కొన్నది కావచ్చు. ఆ దొంగతనం సాగే తీరు తెలిస్తే తక్కువ ధర వెనుక ఎవరి నష్టం ఉందో అర్థమవుతుంది. దొంగ ముందు డెవలపర్ సైట్‌లో వేరొకరి కార్డుతో కీలు కొంటాడు. వాటిని కీల సైట్‌లో సగం ధరకు అమ్మి సొమ్ము చేసుకుంటాడు. కొన్నాళ్లకు కార్డు అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు డెవలపర్ దగ్గర డబ్బు వెనక్కి లాక్కుని, పైగా రుసుము కూడా వేస్తుంది. గేమ్ తయారు చేసినవాడికి అమ్మకం డబ్బూ రాదు, చేతి నుంచి ఎదురు పోతుంది.

ఇదంతా ఊహ కాదు. 2015 జనవరిలో ఫార్ క్రై 4 కీలు దొంగ కార్డులతో కొన్నవని తేలడంతో ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ వాటిని రద్దు చేసింది. డబ్బు పెట్టి కొన్నవారి ఖాతాల నుంచి గేమ్ రాత్రికి రాత్రి మాయమైంది. గోల జరిగాక, అప్పటికే ఆడటం మొదలుపెట్టినవారికి మాత్రం తిరిగి ఇచ్చింది. మిగతావారిని కొన్న చోటే అడుక్కోమంది. ఫాక్టోరియో తయారుచేసిన ప్రాగ్ కంపెనీ వూబే ఇంకా గట్టిగా పట్టుబట్టింది. తమ కీలు దొంగతనంగా కొన్నవని నిరూపిస్తే నష్టానికి పది రెట్లు ఇస్తామని కీల సైట్లలో పెద్దదైన జీటూఏ 2019లో ప్రకటించింది. వూబే ఆ మాటను పట్టుకుని లెక్కలు పంపింది. 2020 మే నెలలో జీటూఏ 198 కీలు దొంగ సరుకేనని ఒప్పుకుని 39,600 డాలర్లు చెల్లించింది. 2016లో అమ్ముడైన కీలకు నాలుగేళ్ల తర్వాత, అదీ పేరున్న ఒక స్టూడియో వెంటపడితే దక్కిన న్యాయం ఇది. హనుమకొండలో ఆరేడు వందలు పెట్టి కీ కొన్న విద్యార్థి వెంటపడితే ఏం దక్కుతుంది? అమ్మినవాడి పేరు చోట ఒక మారుపేరు ఉంటుంది, అంతే.

మన దగ్గర దీనికన్నా ఎక్కువగా నడుస్తున్న బేరం ఇంకొకటుంది. ఇందులో కీ కూడా ఉండదు, ఖాతానే అద్దెకిస్తారు. అమ్మేవాడు ఒక స్టీమ్ ఖాతాలో గేమ్ కొని, ఆ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వందల మందికి తలా నూటయాభైకో రెండొందలకో అమ్ముతాడు. కొన్నవాడికి వాట్సాప్‌లో సూచనలు వస్తాయి. లాగిన్ అవ్వు, కోడ్ అడిగితే నాకు మెసేజ్ పెట్టు, నేను పంపిన కోడ్ కొట్టు, గేమ్ దించుకో, స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టు, ఇక ఎప్పుడూ ఆన్‌లైన్‌కు రాకు, పాస్‌వర్డ్ ముట్టుకోకు. విండోస్ ఒకసారి అప్‌డేట్ అయినా, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసినా మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ అదే నంబరుకు మెసేజ్ పెట్టాలి. డెనువో అనే కాపీ రక్షణ ఉన్న పెద్ద గేములైతే ఒక రోజులో కొన్ని కంప్యూటర్లకు మించి అనుమతించవు కాబట్టి రేపు ప్రయత్నించమంటాడు. ఆ నంబరు స్విచ్ఛాఫ్ అయిన రోజున కథ ముగిసినట్టే. ఖాతాను ఇంకొకరికి అమ్మడం స్టీమ్ ఒప్పందానికే విరుద్ధం కనుక స్టీమ్ దగ్గరికి వెళ్లినా మీరు ఖాతాదారు కాదంటుంది. అది న్యాయమే కూడా. యూపీఐలో ఓ వ్యక్తి ఫోన్ నంబరుకు పంపిన డబ్బును వెనక్కి రప్పించే దారి దాదాపు లేదు. 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. కానీ రెండొందల కోసం ఎవరు ఇస్తారు? అమ్మేవాడి ధీమా అదే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. మూడు వేలు పెట్టి గేమ్ కొనే స్తోమత ఎంతమందికి ఉంది, మెస్ బిల్లు కట్టడానికే ఇంటికి ఫోన్ చేసేవాడికి ఈ నీతులు ఎందుకు అంటారు. నిజమే, కొత్త పెద్ద గేముల ధరలు మనకు పిరమే. అయితే ఆ ధరలు మొదటి నుంచీ ఇంత దూరంలో లేవు, ఇప్పుడూ అన్నీ లేవు. 2015 నవంబరులో స్టీమ్ మన దేశంలో రూపాయల్లో అమ్మడం మొదలుపెట్టాక చాలామంది పబ్లిషర్లు ఇక్కడి ఆదాయాన్ని బట్టి వేరే ధర పెట్టారు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 అమెరికాలో 60 డాలర్లయితే ఇక్కడ 2,999 రూపాయలు. అప్పటి మారకం లెక్కన అక్కడి ధర 4,400 రూపాయల దాకా ఉంటుంది. అధీకృత దుకాణంలోనే ఇంత తేడా దొరుకుతున్నప్పుడు, యూరోపియన్ కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకున్న కీల సైటు మనకు నిజంగా ఎంత ఆదా చేస్తుందో లెక్క వేసుకోవాలి. పైన వాళ్లు వేసే సేవా రుసుము, కార్డు మీద విదేశీ మారకం ఖర్చు కలిపితే చాలాసార్లు మిగిలేది స్వల్పం. ఇక ఓపిక ఉన్నవాడికి డిస్కౌంట్లు ఉండనే ఉన్నాయి. స్టీమ్ ప్రతి రుతువుకూ ఓ పెద్ద సేల్ పెడుతుంది, రెండు మూడేళ్ల కిందటి మంచి గేములు సగం ధరకు, అంతకన్నా తక్కువకు వస్తాయి. 2018 డిసెంబరులో మొదలైన ఎపిక్ స్టోర్ వారం వారం గేములు ఉచితంగా ఇస్తోంది. 2020 మేలో జీటీఏ 5ను కూడా ఇచ్చింది. డబ్బు లేనివాడికి మోసపోయే స్వేచ్ఛ అసలే లేదు. మూడు వేలు పోయినా తట్టుకునేవాడు ఉంటాడు, నెలంతా కూడబెట్టిన మూడొందలు పోతే తట్టుకోలేనివాడికే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

అలాంటప్పుడు కొనడమే ఎందుకు, పైరసీ ఉందిగా అనేవారు కూడా ఉన్నారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కాపీ సీడీలు కొన్న తరానికి ఈ మాట కొత్త కాదు. అప్పట్లో చాలా గేములకు ఇక్కడ సరసమైన ధరకు అసలు సరుకు దొరకలేదన్న సాకైనా ఉండేది. ఇప్పుడది లేదు. క్రాక్ ఫైలుతో పాటు ల్యాప్‌టాప్‌లోకి ఏం వస్తుందో తెలియదు, అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పాస్‌వర్డ్, ఫైనలియర్ ప్రాజెక్టు ఉంటాయి. మరో సంగతి మనకు దగ్గరిది. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో మన పురాణాల లోకాన్ని తీసుకుని ‘అసుర’ అనే గేమ్‌ను స్టీమ్‌లో విడుదల చేసింది. యానిమేషన్, గేమింగ్ రంగాలను పెంచడానికి తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ఇమేజ్ పాలసీ తెచ్చింది. వరంగల్ కాలేజీల నుంచి ప్రోగ్రామింగ్, డిజైన్ చదివి బయటికొచ్చే పిల్లలకు ఆ స్టూడియోల్లో ఉద్యోగాలు రావాలంటే వాటి గేములు కొనేవాళ్లు కూడా ఉండాలి. చిన్న స్టూడియోకు వెయ్యి కాపీల తేడా అంటే ఇంకో ఏడాది నడవడమా మూతపడటమా అన్న తేడా.

అధీకృత దుకాణాలకే వద్దాం, ఎందుకంటే అవి కూడా ఒకటి కాదు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపైతే కారణం ఏదైనా డబ్బు వాపసు ఇస్తారు. ఎపిక్‌లో కూడా చాలా గేములకు దాదాపు ఇదే లెక్క. వంద జీబీ గేమ్ దించుకోవడానికి రాత్రంతా పట్టినా ఆ సమయం లెక్కలోకి రాదు, ఆడిన సమయమే వస్తుంది. పాత గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్‌లో కొత్త గేమ్ నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఈ రెండు గంటలు చాలు. కొనుగోలుదారుకు ఇంతకన్నా పనికొచ్చే డిస్కౌంట్ లేదు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన జీవోజీ ఇంకా ఉదారం, 2020 నుంచి 30 రోజుల లోపు, ఆడేసిన గేమ్‌కైనా వాపసు ఇస్తోంది. కీల సైట్‌లో ఒకసారి కీ కళ్లబడితే చాలు, సాధారణంగా అమ్మకం పూర్తయినట్టే. ఈ ఒక్క తేడా చాలు, నాలుగొందల తక్కువ ధర అసలు తక్కువ కాదని చెప్పడానికి.

స్టీమ్ రీఫండ్ కంపెనీ దయతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ 2003లో మొదలైన స్టీమ్ పన్నెండేళ్ల పాటు వాపసులు ఇవ్వమనే చెప్పుకుంది. 2014లో ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ వాల్వ్ మీద కోర్టుకెక్కింది. ఆ మరుసటి ఏడాది, 2015 జూన్‌లో, ఇప్పటి రీఫండ్ విధానం వచ్చింది. తమది అమెరికా కంపెనీ, తమ సర్వర్లు అక్కడున్నాయి, ఆస్ట్రేలియా చట్టం తమకు వర్తించదన్న వాల్వ్ వాదనను 2016లో ఆ దేశ ఫెడరల్ కోర్టు తోసిపుచ్చి, 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అప్పీళ్లు కూడా నిలవలేదు. ఎంత దూరాన ఉన్న కంపెనీ అయినా తమ దేశంలో అమ్ముకున్నందుకు తమ చట్టానికి జవాబు చెప్పాల్సిందేనని ఒక దేశం పట్టుబట్టింది. దాని తర్వాత ప్రపంచంలో ఏ మూల కొన్నా స్టీమ్‌లో రెండు గంటల అవకాశం ఉంది, కాజీపేటలో కొన్నా ఉంది.

ఇంతకన్నా లోతైన ప్రశ్న ఒకటి మిగిలింది, కొన్న గేమ్ ఎంతకాలం మనది? స్టీమ్‌లోనైనా ఎపిక్‌లోనైనా మనకు దక్కేది లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి. అడిగితే తప్ప ఈ మాట ఎవరూ చెప్పేవారు కాదు. కొనుగోలు బటన్ దగ్గరే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేయడంతో స్టీమ్ ఆ అక్టోబరు నుంచి బిల్లు పేజీలో ఒక వాక్యం చేర్చింది. ఆ అనుమతి ఎలా ఎగిరిపోతుందో యూబీసాఫ్ట్ వారి ది క్రూ చూపించింది. 2014 డిసెంబరులో వచ్చిన ఈ కార్ల గేమ్‌ను ఒంటరిగా ఆడుకోవాలన్నా కంపెనీ సర్వర్‌కు కలవాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్ ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవారి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ కోపం నుంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టి, యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు సేకరించింది. దుకాణాలు కూడా శాశ్వతం కావు. గూగుల్ లాంటి సంస్థ పెట్టిన స్టేడియా 2023 జనవరిలో మూతపడింది. గేములకు పెట్టిన డబ్బు వాపసు ఇచ్చింది కాబట్టి దాని పేరు పాడవలేదు. డిజూరా అనే చిన్న దుకాణాన్ని నడిపిన కంపెనీ 2015లో దివాలా తీసింది, దానికి గూగుల్ ఖజానా లేదు.

స్టీమ్ అంత పెద్దది, అది మూతపడుతుందా అని అడగొచ్చు. మూతపడకపోవచ్చు. కానీ మూతపడకుండానే మన చేయి జారొచ్చు. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 మీద స్టీమ్‌కు అధికారిక మద్దతు లేదు. ఆ వ్యవస్థల కాలంలో కొన్న గేములు ఆ కంప్యూటర్‌లోనే ఉన్నా, వాటిని తెరిచే స్టీమ్ పనిచేస్తుందన్న పూచీ పోయింది. పాత డెస్క్‌టాప్‌ను తమ్ముడికో చెల్లికో ఇచ్చి నడిపించే మన ఇళ్లలో ఇది చిన్న సంగతి కాదు. జీవోజీలో కొంటే గేమ్ ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో దాచుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా, జీవోజీయే లేకపోయినా అది నడుస్తుంది. ఒకరు ఆడుకునే గేమ్, పదేళ్ల తర్వాత కూడా ఆడాలనిపించే గేమ్ రెండు చోట్లా దొరుకుతుంటే జీవోజీలో కొనడమే నయమని నేనంటాను, వంద రూపాయలు ఎక్కువైనా సరే. అన్నీ ఒకే చోట ఉండే సౌకర్యం, స్నేహితులతో కలిసి ఆడటం, సేవ్ ఫైళ్లు క్లౌడ్‌లో భద్రంగా ఉండటం స్టీమ్‌కున్న నిజమైన బలాలు. నలుగురితో ఆన్‌లైన్‌లో ఆడేదైతే స్టీమే మేలు, అక్కడ ఎలాగూ సర్వర్ ఉన్నంత కాలమే ఆట. నెలనెలా చందా కట్టి ఆడే పద్ధతి వేరు, అది అద్దె అని అందరికీ తెలుసు. 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ గేమ్‌పాస్ అల్టిమేట్ చందాను అమెరికాలో 20 డాలర్ల నుంచి 30కి పెంచినట్టు అద్దె ఎప్పుడైనా పెరుగుతుందని కూడా తెలిసి ఉండాలి.

ఆస్ట్రేలియా చేసింది మనం చేయలేమా? చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ సరుకునూ లెక్కలోకి తీసుకున్నాయి. ఇక్కడ ఆఫీసు లేకపోయినా ఇక్కడివారికి క్రమంగా అమ్మే విదేశీ సంస్థకు కూడా వర్తిస్తాయని స్పష్టంగా రాసుకున్నాయి. ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఎవరైనా అమ్ముకునే మార్కెట్ సైటైతే అమ్మేవారి పేరు, చిరునామా కొనేవారికి తెలియజేయాలి. మారుపేరుతో కీలు అమ్మే సైట్లు ఈ ఒక్క నిబంధన దగ్గరే నిలబడలేవు. కొత్త చట్టంలో ఇంకో మేలుంది, ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాల్వ్ మీదైనా హనుమకొండ విద్యార్థి తన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ కంపెనీతో మాట్లాడుతుంది.

రెండు వేల గేమ్ కోసం కమిషన్ మెట్లెక్కేదెవరు, ఎక్కినా విదేశీ కంపెనీ వస్తుందా అని సందేహం రావచ్చు. ఒక్కరికి అది భారమే. అందుకే ఆస్ట్రేలియాలో కేసు వేసింది కొనుగోలుదారు కాదు, కమిషన్. మన చట్టం కింద కూడా కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఉంది, అందరి తరఫున విచారణ చేసే అధికారం దానికుంది. ఈ సంస్థ అడగాల్సినవి పెద్ద కోరికలు కావు. రూపాయల్లో ధర చూపించి, 18 శాతం జీఎస్టీ కలుపుకుని అమ్మే ప్రతి గేమ్ దుకాణం డబ్బు కట్టే పేజీలోనే మూడు సంగతులు చెప్పాలి. ఇది సొంతమా, లైసెన్సా? సర్వర్ లేకుండా ఆడగలమా? వాపసు గడువు ఎంత? ఆ మూడూ తెలుగులో కూడా ఉండాలి. స్టీమ్ ఎన్నో భాషల్లో కనిపిస్తుంది, వాటిలో తెలుగు లేదు. ఒప్పందం పేజీ ఇంగ్లిష్‌లోనే చదవాలి, చదవరు. ఇలా అడిగితే చిన్న స్టూడియోల మీద భారం పడుతుందనడం సరికాదు, ఎందుకంటే ఆ పేజీ తయారుచేసేది దుకాణం. స్టీమ్ ప్రతి అమ్మకం మీద మామూలుగా 30 శాతం, ఎపిక్ 12 శాతం దాకా తీసుకుంటున్నాయి. ఆ వాటాలోంచి మూడు వాక్యాల ఖర్చు రావడం కష్టం కాదు. ఆ పేజీ వచ్చేదాకా ఈ మూడు ప్రశ్నలకు జవాబులు గేమ్ పేజీ కింద చిన్న అక్షరాల్లో, రీఫండ్ నిబంధనల్లో వెతుక్కోవాలి. అవి అక్కడ దొరకని చోట కార్డు నంబరు ఇవ్వకూడదు.